పెద్దమ్మ ఊరికి దారి

మా పెద్దమ్మ కన్నుమూసిందని పోయిన వారం తెల్లవారుతుండగా ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేశాడు. పులికాట్ సరస్సు నీళ్ళ మధ్య దీవిలో ఉంటారు వాళ్ళు. "నిద్దర్లోనే పోయిందిరా. అందరికీ నువ్వు చెప్పు, పడవ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. నేను మంచం మీద కూర్చునే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను.

మా అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. వలలు బాగుచేసే చేత్తోనే అన్నం కలిపి పెట్టేది. ఉప్పు ఎప్పుడూ ఓ పిసరు ఎక్కువే. పడవలో మాత్రం వెనక్కి తిరిగి కూర్చునేది. ఎందుకని అడిగితే, "ముందరుండే ఊరు ఎట్లైనా వస్తాది అబ్బయా. పోయే గట్టునే కదా చూసుకోవాల్సింది" అనేది. నేనూ ఆమె పక్కన అలాగే కూర్చునేవాణ్ణి. గట్టు మెల్లగా నీలమై, చూస్తుండగానే ఆకాశంలో కలిసిపోయేది.

నెల్లూరులో నా ఉద్యోగం, బండ్లకు ఫోన్లో కంప్యూటర్ చెప్పే దారులు సరిచూడటం. మధ్యలో నీళ్ళున్నా అది "తిన్నగా వెళ్ళండి" అనేసేది. డ్రైవర్లు రేవు దాకా పోయి బిక్కమొహం వేసేవాళ్ళు. దూరం కొద్దిగా ఉండి సమయం బాగా పట్టే చోట పడవ ఉన్నట్టు గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాశాం. అలాంటి దారులన్నీ కొట్టేయమన్నారు ఆఫీసులో. అప్పుడే కళ్ళు చూపించుకోడానికి వచ్చిన పెద్దమ్మ నా పక్కన చేరి, "మా ఊరు పెట్టు, చూద్దాం" అంది. పెట్టాను. దారి లేదని వచ్చింది.

ఆమె కోప్పడలేదు. నవ్వి, "మరి నేనెట్లా వచ్చినాను?" అంది. మళ్ళీ తనే, "రేపు నేను పోతే, వచ్చేవాళ్ళకి కూడా ఇట్లానే చెప్తాదా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. పైవాళ్ళ వెంటపడి, బతిమాలి, దారి కొట్టేయకుండా రేవు దగ్గర ఆపేలా మార్పించాను. అక్కడ ఏం చెప్పాలో ఆమెనే అడిగాను. "బండి ఆపి దిగమను. పడవ వస్తాది, కూర్చోమను. అంతే." అదే పెట్టాం. వినిపిస్తే, "గొంతు మన యాస కాదులే" అని పెదవి విరిచింది.

పెద్దమ్మ పోయిన రోజు మధ్యాహ్నానికి రేవులో నెల్లూరు, మైపాడు, గూడూరు బండ్లన్నీ ఆగి ఉన్నాయి. ఆ దీవి మొహం ఎన్నడూ చూడని కోడళ్ళు, అల్లుళ్ళు కూడా వచ్చి ఇసుకలో కూర్చున్నారు. ఫోన్ ఆపమన్న చోటే ఆపారు, ఒక్కరూ దారి తప్పలేదు. అందరినీ ఎక్కించి నేను చివరి విడతలో ఎక్కాను. ఎండ వాలింది. నీళ్ళు కదలడం లేదు, పడవ కదులుతోందో లేదో తెలియడం లేదు.

అవతలి గట్టున ఊరి ఆడవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డారు. వాళ్ళ వెనక పాడె సిద్ధంగా ఉంది. మోయాల్సిన నలుగురూ దాని పక్కన ఇసుకలో కూర్చుని ఉన్నారు. మా పడవ కనిపించాకే లేచారు.