పెరీనా అత్త ఏడెన్ దాటిన వైనం

మా దీవిలోని కొమీజా రేవులో పెరీనా అత్తను ఎరగనివాళ్ళు లేరు. చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె అందులోనే పనిచేసింది. భర్త ప్రోష్పర్ సరుకు ఓడల్లో ఇంజను మేస్త్రీ. పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. పాత తెరచాప పడవ ఒకటి కొని, తనే బాగుచేసుకుని, దానికి 'వానకోయిల' అని పేరు పెట్టాడు. ప్రపంచం చుట్టి వద్దాం రమ్మన్నాడు.

అత్తకు మొదట ఇష్టం లేదు. ఆనక మా అమ్మతో, "పెళ్ళయినప్పట్నుంచీ మొగుణ్ణి సముద్రానికి అప్పగించి కూర్చున్నానే. ఈసారి నేనూ పోయి ఆ సవతి మొహం ఎలా ఉంటుందో చూసొస్తా" అని చెప్పి పడవెక్కింది.

పసిఫిక్ దాటారు, థాయిలాండ్ చూశారు. కొన్నేళ్ళకు ఇంటిదారి పట్టి ఒమాన్‌లోని సలాలా రేవు చేరారు. అక్కణ్ణుంచి ఎర్రసముద్రంలోకి రావాలంటే ఏడెన్ సింధుశాఖ దాటాలి. ఆ రోజుల్లో ఆ నీళ్ళలో దోపిడీ పడవలు తిరుగుతున్నాయి. సలాలాలో తెరచాప పడవలవాళ్ళు ఏ ఇద్దరు కలిసినా అదే మాట: ఎవరిని ఎక్కడ ఆపారు, ఏం పట్టుకుపోయారు, ఎవరు తిరిగి రాలేదు.

చివరికి నాలుగు పడవలు జట్టుగా బయలుదేరాలని అనుకున్నారు. జట్టుకు పెద్ద ఒక డచ్చి ఆయన. మధ్యలో ఎవరి పడవ ఆగినా మిగతావాళ్ళు ఆగకూడదని ఆయన ముందే షరతు పెట్టాడు. ఒకరి కోసం అందరూ చిక్కుకోవడం దేనికన్నాడు. అందరూ ఒప్పుకున్నారు, మన ప్రోష్పర్‌తో సహా. ఆయనకు మాత్రం ఒక తుపాకీ కొనాలని ఉండేది.

"నువ్వు ఒకటి పేల్చేలోపు వాళ్ళు పది పేలుస్తారు. ఆ తర్వాత నేనెవరికి వండిపెట్టను?" అంది పెరీనా అత్త. తుపాకీ కొనలేదు.

సగం దారిలో గాలి పడిపోయింది. అందరూ ఇంజన్ల మీద సాగుతుంటే, ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి పైకి లేచి వానకోయిల ఇంజను ఆగిపోయింది. డచ్చి ఆయన రేడియోలో క్షమించమన్నాడు. రెండు పడవలు కనుచూపు దాటిపోయాయి. నాలుగోది వేగం తగ్గించింది. అందులో ఉన్నది తోర్‌స్టెన్ అనే స్వీడన్ ముసలాయన, ఒంటరి మనిషి. కాస్త ముందుకు పోయి ఆగి, తనకు తొందరేమీ లేదని కబురుచేశాడు.

ప్రోష్పర్ కింద ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. అత్త చుక్కాని దగ్గర ఉంది. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి ఒక పొడవాటి పడవ వేగంగా వచ్చింది. చేపలవాళ్ళేమో అనుకుంది. వాళ్ళు తెరచాపలోంచి తూటాలు పోనిచ్చాక సంగతి అర్థమైంది. ముగ్గురు పైకెక్కారు. చప్పుడుకు ప్రోష్పర్ చేతిలో రెంచీతో పైకి వచ్చాడు. ఒకతను ఆయన ఛాతీకి తుపాకీ ఆనించాడు.

"కింద పెట్టు" అంది అత్త, గొంతు పెంచకుండా. "నా పక్కన కూర్చో."

ఆయన కూర్చున్నాడు. వాళ్ళు రేడియో, దుర్భిణీ, బూట్లు, డీజిల్ డబ్బాలు తమ పడవలోకి చేరవేశారు. తర్వాత ఒకతను అత్త చెయ్యి పట్టుకుని, ఆ పడవలోకి దిగమన్నట్టు లాగాడు. ప్రోష్పర్ ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు గానీ కదల్లేకపోయాడు.

అప్పుడు నీళ్ళ మీద నారింజరంగు పొగ లేచింది. తోర్‌స్టెన్ ఆపదలో వాడే పొగడబ్బా వెలిగించి, బూర మోగిస్తూ, తన చిన్న పడవను సూటిగా వాళ్ళ మీదికి తోలుకొస్తున్నాడు. ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఆ పొగ అక్కడ గస్తీ తిరిగే ఏ యుద్ధనౌకకైనా కనబడుతుందని భయపడ్డారేమో, వాళ్ళు అత్త చెయ్యి వదిలి పడవలోకి దూకి వెళ్ళిపోయారు.

తోర్‌స్టెన్ వానకోయిలను తాడు కట్టి లాక్కుంటూ ఏడెన్ రేవు చేర్చాడు. అక్కడ ప్రోష్పర్ ఇంజను పూర్తిగా బాగుచేశాడు. పని అయ్యాక చేతులు తుడుచుకుని, తనిక ఈ పడవ ఎక్కలేనన్నాడు. అమ్మేసి ఇంటికి పోదామన్నాడు.

"నువ్వు విమానంలో వెళ్ళు. పడవ నేను తెస్తాను" అంది అత్త.

"ఒక్కదానివేనా? నీకు భయం లేదూ?"

"ఎందుకు లేదు? కానీ దీన్ని ఇక్కడ వదిలేసి వస్తే ఆ భయం మనతో పాటే వచ్చి ఇంట్లో కాపురం పెడుతుంది."

ఆయన విమానమెక్కాడు. ఆమె తోర్‌స్టెన్ పడవ పక్కనే ఎర్రసముద్రం ఎదురుగాలుల్లో పైకి వచ్చి, సూయెజ్ దాటింది. క్రీట్ దగ్గర ఆయన్ని సాగనంపి, మిగతా దారి ఒంటరిగా వచ్చింది. రేవులో ఊరంతా నిలబడ్డాం. ప్రోష్పర్ మాత్రం మా అందరి వెనక నిలుచున్నాడు.

ఆ చలికాలం సారాకొట్టులో ఆయన తల ఎత్తేవాడు కాదు. ఒకనాడు ముసలి బెర్తుల్, "పెళ్ళాం అలల మీద, మేస్త్రీ మబ్బుల మీద" అని అందరినీ నవ్వించాడు. అప్పుడే తలుపు తోసుకుని అత్త లోపలికి వచ్చింది.

"అవును బెర్తుల్ మావా, ఆయన బాగుచేసిన ఇంజను మీదే వచ్చాను. నీ పడవ మొరాయిస్తే ఎవరింటి తలుపు కొడతావు?"

బెర్తుల్ తన గ్లాసు ప్రోష్పర్ ముందుకు జరిపాడు.

మరుసటి వేసవిలో తోర్‌స్టెన్ మా దీవికి వచ్చాడు. ఆ రోజు అంత భయం లేకుండా ఎలా వెనక్కి తిరిగావని నేనే అడిగాను.

"భయం లేకేం?" అన్నాడు. "కానీ ముందుకు పోతే ఒక్కణ్ణే భయపడాలి. వెనక్కి వస్తే ముగ్గురం కలిసి భయపడొచ్చు."

ఆయన వచ్చిన రోజు, పడవ ఒడ్డుకు ఆనుతున్నప్పుడు అత్త వంటింట్లో చేపల రొట్టె కాలుస్తోంది. గట్టు మీదికి ముందుగా పరుగెత్తినవాడు ప్రోష్పర్. తాడు అందుకుని, కట్టి, ముడి సరిచూసుకున్నాక ముసలాయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రం ముగ్గురూ వానకోయిలలో పక్కనున్న బిషేవో లంక దాకా పోయి వచ్చారు. చుక్కాని అత్తే పట్టింది.