గొంతెత్తి చేసిన ప్రార్థన

మా సంఘంలో ఏ ఇంట్లో మాట పట్టింపు వచ్చినా పాస్టరుగారు ముందు టైలరమ్మ దగ్గరికే పంపుతారు. ఆమె పెద్దగా చదువుకున్న మనిషి కాదు. సంఘం వాళ్లే కొన్నాళ్లు కౌన్సెలింగ్ శిక్షణ ఇప్పించి, కీబోర్డు, మడత కుర్చీలు పెట్టే చర్చి వెనకగదిని ఆమెకిచ్చారు. ఆదివారం మధ్యాహ్నం ఒడిలో ఏదో ఒక బట్ట పెట్టుకుని అంచు కుడుతూ కూర్చుంటుంది. ఆమె చూపు సూది మీద ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్లకు నోరు పెగులుతుంది. ముందు మంచినీళ్లు, తర్వాతే మాట. ఎవరి చొక్కాకైనా గుండీ ఊడి కనిపిస్తే అడక్కుండానే కుట్టేస్తుంది.

ఒకసారి వెల్డింగ్ షాపతను భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే చనిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. చెరో గదిలో పడుకుంటున్నామనీ, పుట్టింటికి వెళ్లిపోదామనుకుంటున్నాననీ ఆ అమ్మాయే టైలరమ్మకు చెప్పుకుంది. అతను పెదవి విప్పేవాడు కాదు గానీ రావడం మానలేదు. టైలరమ్మకు అదే ఆశ.

బుధవారం ప్రార్థన కూటంలో ఆమె వంతు వచ్చింది. కళ్లు మూసుకుంటే ఆమెకు లోకం గుర్తుండదు. "ప్రభువా, బిడ్డను పోగొట్టుకుని, ఒకే ఇంట్లో చెరో గదిలో పడుకుంటున్న ఆ దంపతులను కలుపు తండ్రీ" అని మైకులో కన్నీళ్లతో వేడుకుంది. పేరు చెప్పలేదు. చెప్పే పనేముంది? ఆ ఏడు బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు సంఘంలో అదొక్కటే. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. మర్నాడు సంఘపెద్ద ఒకాయన ప్రేమకొద్దీ షాపుకే వెళ్లి అతని భుజం తట్టాడు. "ఒకే గదిలో పడుకోండి నాయనా, అంతా సర్దుకుంటుంది."

ఆదివారం వాళ్లు రాలేదు.

సంగతి తెలిశాక టైలరమ్మకు అన్నం సహించలేదు. "ప్రార్థనేగా చేశారు, తప్పేముంది?" అని పాస్టరుగారి భార్య ఓదార్చబోయింది.

"నన్ను నమ్మి చెప్పుకున్న మాటను అందరి నోళ్లలో పెట్టానమ్మా" అని చెప్పులేసుకుని షాపుకు బయల్దేరింది.

అతను గేటుకు అతుకు వేస్తున్నాడు. ఆమెను చూసినా ఆపలేదు. నిప్పురవ్వలకు కాస్త ఎడంగా ఎండలోనే నిలబడింది. చివరికి ముఖానికి అడ్డుపెట్టుకున్న నల్లద్దం దించాడు.

"దేవుడికి వినపడాలంటే మైకు కావాలా అత్తా?"

"అక్కర్లేదు బాబూ. తప్పు నాది. క్షమించమని అడగడానికొచ్చాను."

"దానికీ ఓ కూటం పెట్టకపోయారా?"

"పెడితే నువ్వు రావుగా."

అతనికి నవ్వొచ్చినంత పనైంది. స్టూలు నీడలోకి జరిపాడు. "కూర్చోండి. కళ్లు తిరిగి పడిపోతే అదీ నా మీదికే వస్తుంది."

ఆమె బైబిలు వాక్యమేదీ ఎత్తలేదు. "నా దగ్గరికి మళ్లీ రాకపోయినా ఫర్లేదు. ఆ పిల్ల వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది. తనతో ఒక్క మాట మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడను? ఊయల నా చేతుల్తో చేశాను. అది కనపడితే ఇంట్లోకి అడుగు పడదు. తీసేద్దామంటే తనేమనుకుంటుందో."

"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు బాబూ."

అతను పని అక్కడికక్కడే వదిలేసి, షట్టరు దించి ఇంటికి వెళ్లిపోయాడు.

వాళ్లు ఏం మాట్లాడుకున్నారో ఆమె అడగలేదు. కొన్నాళ్లకు ఆ అమ్మాయే వెనకగదికి వచ్చింది.

"ఊయల ఎవరికైనా ఇచ్చేద్దామని ఇద్దరం అనుకున్నాం అత్తా. మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. ఇస్తాను" అంది టైలరమ్మ. "ఎవరిచ్చారో మాత్రం చెప్పను."