గండోడు, పొడి డబ్బా, నేను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ కాగితం చేతికొచ్చి, మొదటి ఉద్యోగంలో చేరి, మెడలో కంపెనీ కార్డు వేసుకుని తిరిగే ఏడాదిలో మనిషికి కలిగే జ్ఞానం మళ్లీ జీవితంలో ఎప్పుడూ కలగదేమో. నా ఉద్యోగం నెల్లూరులో, కుక్కలకీ పిల్లులకీ పొడులు అమ్మే కంపెనీలో. బొచ్చు నిగనిగలాడడానికి ఒక డబ్బా, కీళ్లకి ఒక డబ్బా, మూత్రం సాఫీగా కావడానికి ఒక డబ్బా. మూడోది కొత్త సరుకు కాబట్టి నాలాంటి కొత్తవాళ్ల నెత్తిన పెట్టారు. మూడు రోజులు శిక్షణ ఇచ్చి, మూత్రపిండాల బొమ్మ ఉన్న కరపత్రం ఒకటి చేతిలో పెట్టి పంపించారు. ఆ మూడు రోజుల్లో మాకు ఒక్క పిల్లిని కూడా చూపించలేదు (భోజనాల గదిలో ఒకటి తిరుగుతుండేది గానీ, అది శిక్షణలో భాగం కాదు).

డబ్బాలు పట్టుకుని పశువుల డాక్టర్ల చుట్టూ తిరగడం నా పని. ఊళ్లో పేరున్న పెద్దడాక్టరు గారి గది బయట రెండు వారాలు కూర్చున్నాను. ఆయన ఒక్కసారి కరపత్రం తీసుకుని, దానిమీద టీ గ్లాసు పెట్టుకున్నారు. తర్వాత నేను పెట్టిన మెసేజీలు వేటికీ జవాబు లేదు. మా మేనేజరు సారు మాత్రం రోజూ గ్రూపులో అడిగేవాడు: "కొత్తవాళ్లంతా నెలాఖరుకి ఒక్కో రిజల్టు వీడియో పెట్టాలి. ఎక్కడిదాకా వచ్చింది?" ఎక్కడిదాకానూ రాలేదు. ఇంట్లో మా అమ్మ వీధి వీధంతా "మా పాప జంతువుల డాక్టరు లాంటిదే" అని చెప్పుకుంది. ఆ 'లాంటిదే' అన్న ముక్క రెండిళ్లు దాటేసరికి ఎక్కడో పడిపోయింది.

అది పడిపోయాక ఆ మాట చేరినది నెత్తళ్లక్కకి. సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు నుంచి వారానికి రెండుసార్లు గంపనిండా ఎండునెత్తళ్ల చేపలు తెచ్చి మా వీధిలో అమ్మేది కాబట్టి ఆ పేరు. ఒకరోజు గంప మా గడపలో దించి, అమ్మని కాకుండా నన్ను పిలిచింది. "పాపా, నువ్వు పిల్లుల డాక్టరంట గదా. మా గండోడికి ఏందో అయింది. ఒంటికి పోయేదానికని ఊరికే కూచుంటాడు, లేస్తాడు. నిన్న చేపల గంపలోనే రెండు చుక్కలు పోసినాడు. పుట్టినకాడ్నుంచీ అట్టాంటి పని చేసినోడు కాదు." గండోడంటే ఆమె గండుపిల్లి. ఇసకలో ఎండబెట్టిన చేపలకి వాడే కాపలా. కాకుల్నీ ఎలకల్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మొగుడు పోయాక ఆ ఇంట్లో తనతోపాటు అన్నం తినే ప్రాణి వాడొక్కడేనని అక్క చెప్పింది, ఏడుపు లేకుండా, చేపల ధర చెప్పినట్టే.

ఎన్నాళ్ల నుంచి, నీళ్లు తాగుతున్నాడా, తిండి తింటున్నాడా అని అడగాల్సిన చోట నేను కరపత్రం అప్పజెప్పాను. "ఇది మూత్రనాళ సమస్య అక్కా. లోపల శుభ్రం కావాలి" అని, నమూనాకిచ్చిన డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టాను. దేంట్లో వెయ్యాలని అడిగింది. "దేంట్లోనైనా వెయ్యి" అన్నాను. డబ్బా వెనకాల ఏదో రాసి ఉందని నాకు తెలుసు, కానీ ఆ అక్షరాలు చాలా చిన్నవి.

నాలుగో రోజు మధ్యాహ్నం అక్క ఫోను. "పాపా, పొడి బాగా పట్టినట్టుండాది. పొద్దుట్నుంచీ గంటకి పదిసార్లు కూచుంటా ఉండాడు." గంటకి పదిసార్లు. ఇంత రిజల్టు మా కంపెనీ చరిత్రలో ఎవరికైనా వచ్చిందా అనుకుంటూ స్కూటీ తీసి మైపాడు పోయాను. గండోడు గుడిసె పక్కన ఇసక తవ్వి కూర్చున్నాడు, ముక్కాడు, లేచి ఇంకోచోట తవ్వాడు. నేను ఫోను ఎత్తి, వెనకనుంచి వ్యాఖ్యానం కూడా చెప్పాను: "చూడండి, నాలుగు రోజుల్లోనే ఎంత చురుగ్గా ఉన్నాడో." వీడియో గ్రూపులో పడగానే చప్పట్ల బొమ్మలు, పూలగుత్తుల బొమ్మలు వరసగా వచ్చాయి. మేనేజరు సారు "సూపర్. సముద్రం సౌండు ఎక్కువైంది, ఇంకోటి తియ్యి" అన్నాడు. ఇంకోటి తీశాను (మొదటిదానికంటే అది బాగా వచ్చింది, వాడు కెమెరా వైపు చూశాడు కూడా). పనిలో పనిగా పెద్దడాక్టరు గారికీ పంపాను, ఇప్పటికైనా నా విలువ తెలియనీ అని.

నెలరోజులుగా ఉలుకూ పలుకూ లేని మనిషి రెండు నిమిషాల్లో ఫోను చేశారు.

"ఆ పిల్లి ఎక్కడుంది?"

"మైపాడులో సార్. మన పొడి వాడిన నాలుగు రోజుల్లోనే..."

"ఇసక తడిసిందా?"

నాకు అర్థం కాలేదు. ఆయన మళ్లీ అడిగారు. "అది కూర్చుని లేచింది కదమ్మా. అక్కడ ఇసక తడిసిందా, లేదా, చూసి చెప్పు." వంగి చూశాను. గండోడు తవ్విన గుంటలు ఏడెనిమిది ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ తడి లేదు. ఆ మాటే చెప్పాను. "అది పదిసార్లు పోవడం కాదు. పదిసార్లూ పోలేకపోవడం. దారి మూసుకుపోయింది. రేపటిదాకా ఉండదు, వెంటనే తీసుకురా" అని పెట్టేశారు. చేతిలో ఫోను ఇంకా టింగు టింగుమంటూనే ఉంది. గ్రూపులో ఎవరో మళ్లీ చప్పట్లు పెట్టారు.

గండోణ్ణి చేపల గంపలో పెట్టి, పైన పాత వల ముక్క కట్టి, అక్క నా స్కూటీ వెనక కూర్చుంది. మామూలుగా వాణ్ణి గంపలో పెడితే ఊరంతా లేచిపోయేట్టు అరుస్తాడట. ఆ రోజు కిక్కురుమనలేదు. అది గమనించాక అక్క గంపని ఒళ్లోకి లాక్కుంది. ఎండుచేపల వాసనకి దారిపొడుగునా ప్రతి ఊరి కుక్కా మమ్మల్ని పొలిమేర దాకా సాగనంపింది. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. నాకు భయంగా ఉంది, అంతకంటే ఎక్కువగా సిగ్గుగా ఉంది. టౌనులో సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడు వెనక్కి తిరక్కుండానే చెప్పాను. "అక్కా, నేను డాక్టర్ని కాదు. పొడులు అమ్ముతానంతే."

"తెలుసులే" అంది అక్క. "డాక్టరైతే వచ్చీరాంగానే గండోణ్ణి పట్టుకుని చూసేదానివి. నువ్వు ఫోను పట్టుకున్నావు. బండి పోనీ, లైటు మారింది."

పెద్దడాక్టరు గారు వాడికి మత్తిచ్చి, మూత్రం దారిలోకి సన్నటి గొట్టం ఎక్కించారు. చాలాసేపు ఏమీ కాలేదు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకుంది. తర్వాత స్టీలు ట్రేలో చుక్క పడింది, ఇంకోటి పడింది, ఆ పైన ఆగకుండా ధార. అంత మంచి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. ఇసకలాంటిది చేరి అడ్డుపడిందనీ, మగపిల్లులకి ఆ దారి మరీ సన్నమనీ, రోజూ ఎండుచేపలు తిని నీళ్లు తాగకపోతే ఇలాంటివి వస్తాయనీ డాక్టరు గారు అక్కకి చెప్పారు. తర్వాత నా డబ్బా అడిగి తీసుకుని, కళ్లద్దాలు పైకెత్తి వెనకవైపు చిన్న అక్షరాలు చదివారు. "పొడిని నేను తిట్టట్లేదమ్మాయ్. దారి తెరుచుకున్నాక, నీళ్లు బాగా పట్టిస్తూ, మళ్లీ రాకుండా తోడుగా వాడుకోవచ్చు. మూసుకుపోయినదాన్ని ఇదేం తెరుస్తుంది? బాగా తడిపిన తిండిలో కలపాలని రాశారు. దేంట్లో కలిపారు?"

"కారం జల్లినట్టు ఎండుచేపల మీద జల్లినా సార్" అంది అక్క.

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

అక్క నావైపు ఒక్కసారి చూసింది. "ఎవురూ చెప్పలేదు సార్. నేనే చేసినా."

చెప్పింది నేనేనని అనాల్సింది. అనకపోవడం ఇప్పటికీ నాకు గుర్తుంది.

గ్రూపులో మాత్రం ఆ సాయంత్రమే జరిగినదంతా రాసి, వీడియోలు రెండూ తీసేశాను. ఒక్క చప్పట్ల బొమ్మా రాలేదు. మేనేజరు సారు విడిగా ఫోను చేసి, "పిల్లి బతికింది కదా, ఇంక వీడియోకి ఏమైంది?" అన్నాడు. ఆ తర్వాత ఆ ఉద్యోగంలో ఎక్కువకాలం లేను. ఇప్పుడు నాకు చిన్న కొట్టు ఉంది, కుక్కల తిండీ పిల్లుల తిండీ అమ్ముతాను. ఆ డబ్బాలూ ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే ముందు వాళ్ల పిల్లి ఎంత పోస్తోందో, ఎన్నిసార్లు పోస్తోందో నిలబెట్టి అడుగుతాను. కొందరు విసుక్కుని పక్క కొట్టుకి పోతారు.

గండోడు మూడు రోజులకి ఇంటికి పోయాడు. ఎండుచేపలు బందు, ఉడకబెట్టిన పచ్చిచేపా దాని నీళ్లూ మాత్రమే అన్నారు డాక్టరు గారు. ఒంటికి పోతున్నాడో లేదో రోజూ చూసి కబురు చెయ్యమన్నారు. ఆయనకి ఫోను చెయ్యడం అక్కకి మొహమాటం. అందుకని నాకు చేసేది. పొద్దున ఏడింటికి ఫోను మోగేది, "పోసినాడు" అనేది, పెట్టేసేది. కుశలప్రశ్నల్లేవు. పెళ్లిచూపులకి పొద్దున్నే వచ్చినవాళ్ల ముందు ఒకసారి ఫోను స్పీకర్లో పడింది. "పోసినాడు. ఈరోజు మస్తుగా పోసినాడు" అన్న మాట గదంతా వినపడింది. అవతలివాళ్లు కాఫీ గ్లాసులు కింద పెట్టారు (ఆ సంబంధం కుదరలేదు, కానీ దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయని మా అమ్మ అంటుంది).

ఆరునెలల తర్వాత ఒకరోజు ఏడు దాటినా ఫోను రాలేదు. ఏడున్నరకి నేనే చేశాను. "వాడు బాగనే ఉండాడు పాపా. రోజూ చెప్పేదేముండాది, నీకేం పన్లేదా?" అంది అక్క. నిజానికి పని చాలానే ఉంది. అయినా ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నదానిలా తిరిగాను. అన్నీ తెలుసనుకుని తిరిగిన ఆ అమ్మాయి ఇప్పుడు ఎదురుపడితే నాలుగు చీవాట్లు పెట్టాలనే అనుకుంటాను. అంతలోనే, పళ్లు కూడా తోముకోకుండా ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎక్కడో మైపాడులో ఒక పిల్లి పోసిందన్న మాట కోసం ఎదురుచూసింది ఆ అమ్మాయే కదా అని గుర్తొస్తుంది, చీవాట్లు మరిచిపోయి నవ్వుకుంటాను.