మ్యాచింగ్ వదిన కుట్టిన డీఎన్‌ఏ

అదే, నిన్న సగంలో ఆపేశాను చూశారూ, కింది వాటాలో బట్టలు కుట్టే వదిన సంగతి! వరసకే వదిన లెండి. వీధంతా ఆవిణ్ని మ్యాచింగ్ వదిన అంటుంది. దారం రంగు గుడ్డతో పిసరంత తేడా వచ్చినా కుట్టంతా విప్పి పారేసే రకం మరి.

ఆవిడ కోడలు బడిలో సైన్సు టీచరు, ఇంకా తాత్కాలికమే. ఇవాళ హెడ్మిస్ట్రెస్ ముందు పాఠం చెప్పాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. పాఠం డీఎన్‌ఏ. అమ్మానాన్నల పోలికలు పిల్లలకు మోసుకొచ్చే, కంటికి కనబడని మెలికల నిచ్చెన. నమూనా చేసిపెడతానని వదినే ముందుకు దూకింది. తీగ దూర్చిన రిబ్బన్లు రెండు, మధ్యన మెట్లకు ఐస్‌క్రీం పుల్లలు, పుల్లకు రెండేసి గుండీలు. ఎరుపుకు జత నీలం, పసుపుకు జత ఆకుపచ్చ అని నిన్న పొద్దున కోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పి బడికి వెళ్లింది.

సాయంత్రం కేక వినబడి నేను కిందికి పరుగెత్తాను. కోడలు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు!

"అత్తయ్యా, ఎరుపుకి నీలమే జత అని చెప్పానా లేదా?"

"ఎరుపు పక్కన నీలమా? నా చేత్తో అలా కుట్టానని నలుగురికీ తెలిస్తే కొట్టు మూసుకోవాలమ్మా!"

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి."

ఇన్నేళ్లు బడిలో సైన్సు చెప్పిన నోరు నాది, ఊరుకుంటుందా! "వదినా, చొక్కాకి గుండీ ఎదురుగా గుండీయే కుడతావా?"

"నాకేం మతిపోయిందా? కాజా కుడతా."

"ఇదీ అంతే. రెండూ ఒకటే అయితే పట్టు ఉండదు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అంటూ కత్తెర తీసింది. రంగులన్నీ సరిచేసింది. కోడలు దాన్ని ముచ్చటగా మెలితిప్పి, హాయిగా పడుకుంది.

ఇదిగో, ఇది రాస్తుండగానే వదిన పైకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయి వెళ్లిందా?"

"ఇప్పుడే. నేనే గుడ్డలో చుట్టి చేతికిచ్చా. పొద్దున చూద్దును కదా, మొత్తం వంకర్లు తిరిగిపోయి ఉంది వదినా! రిబ్బన్లకు ఇస్త్రీ పెట్టి సాపు చేశా. మళ్లీ తిరక్కుండా వెనకాల అట్ట వేసి కుట్టేశా. ఇప్పుడు స్కేలులా ఉందనుకో!"

"గట్టిగా కుట్టావా?"

"ఏనుగు లాగినా ఊడదు."

ఉండండి. పాఠం పదకొండింటికి. ఆ పిల్ల మూట విప్పకముందే ఫోన్ చెయ్యాలి, ముందో కత్తెర వెతుక్కోమని.