పుత్తూరు కట్టు, మా ఆయన నవ్వు

మా ఆయన నవ్వడు. కోపంలో అంటున్న మాట కాదిది. చుట్టాలూ పక్కాలూ అందరూ ఎప్పుడో ఒప్పుకున్న సంగతి. తిరుచానూరులో ఒక లాడ్జి కౌంటర్లో కూర్చుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రూముల కోసం వచ్చేవాళ్ళ కథలు వింటాడు. ఆధార్ కార్డు బస్సులో మరిచిపోయామంటారు. నలుగురమే అని చెప్పి జీపు నిండా దిగుతారు. అప్పుడే గుండు కొట్టించుకుని వచ్చినాయన, కార్డులో ఉంగరాల జుట్టున్న ఫొటో చూపించి, ఇది నేనే అని వెంకన్న మీద ఒట్టు పెడతాడు. అన్నిటికీ మా ఆయనది ఒకటే మొహం. "బ్యాగులు ఈడ పెట్టండి" అంటాడు. అంతే.

నేను అలా కాదు. మాది ఐరాల. మా నాయనకు సినిమా అంటే కామెడీ ఒక్కటే. ఫైటింగు వస్తే బయటికి పోయి బీడీ కాల్చుకునేవాడు, పాట వస్తే కునుకు తీసేవాడు, కామెడీ మొదలవగానే ఎవరో తట్టినట్టు లేచి కూర్చునేవాడు. మా వూరి టెంటు హాల్లో తెలుగు సినిమాలు ఆడేవి, చిత్తూరికి పోతే అరవ సినిమాలు. మాకు రెండూ ఒకటే. నగేదానికి ఏ బాసైతే ఏంది అనేవాడు మా నాయన. ఇంటికొచ్చాక నన్ను అరుగు మీద నిలబెట్టి, "యాదీ, ఆ కామెడీ మళ్ళా సెయ్యి" అనేవాడు. నేను చేసేదాన్ని. హాలుదాకా నడవలేని ముసలివాళ్ళు నన్ను చూసేసి, తాము కూడా ఆ సినిమా చూసినట్టే మాట్లాడేవాళ్ళు. ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

నాకు ప్రాణమైన సినిమా ఒకటుంది. పేరు చెప్పను. చెబితే అందరూ వెతికి చూసి, ఇందులో ఏముందీ అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఒక దొంగ పెళ్ళివారింట్లో నగలు ఎత్తుకుపోదామని పెరటి గుమ్మంలోంచి దూరతాడు. పిలిచిన వంటవాడు రాలేదని తల పట్టుకుని కూర్చున్న పెళ్ళికూతురి తండ్రి, వీడే వంటవాడు అనుకుని చేతిలో గరిటె పెడతాడు. ఇక ఊరందరికీ వీడే వండాలి. వీడికి అన్నం వార్చడం కూడా రాదు. చిన్నప్పుడు ఆ సినిమా చూసి నవ్వీ నవ్వీ నాకు వెక్కిళ్ళు పట్టుకుంటే, పక్క వరసలో ఎవరో గోలీ సోడా కొట్టి ఇచ్చారు.

అలాంటి నన్ను ఈయనకు ఇచ్చి చేశారు. పెళ్ళయిన కొత్తలో తిరుపతిలో సినిమాకు తీసుకుపోయాడు. మంచి కామెడీ. హాలు హాలంతా పడి పడి నవ్వుతోంది. నా అటుపక్క కూర్చున్న ముసలావిడ, నేనెవరో తనకు తెలియదు, నవ్వు ఆపుకోలేక నా భుజం మీద కొడుతోంది. ఇటుపక్క చూస్తే మా ఆయన. బ్యాంకులో తన టోకెను ఎప్పుడు పిలుస్తారా అని చూసేవాడిలా కూర్చున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "సినిమా బాగలేదా?"

"బాగుండాది."

"మరి ఒక్కసారన్నా నగలేదే?"

"నగాల్నా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. అయినా అంత తొందరగా వదిలేదాన్ని కాదు. ఆయన అన్నానికి కూర్చుంటే ఎదురుగా నిలబడి, చిన్నప్పటి కామెడీలన్నీ గొంతులు మార్చి, నడకలు మార్చి చేసి చూపించేదాన్ని. దొంగ వంటవాణ్ణి ఎన్నిసార్లు చేశానో. ఆయన కంచంలోకి చూస్తూ తినేవాడు. నేను బాగా ఊపుమీదున్నప్పుడు "మజ్జిగ పొయ్యి" అనేవాడు. ఎన్నాళ్ళని గోడకు చెప్పుకుంటాం? నెమ్మదిగా మానేశాను. టీవీలో కామెడీ వస్తే ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

ఇరవై ఏళ్ళకు పైబడి కాపురం చేశాను. తాగడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. ఏం లోటు నీకు అంటారు అందరూ. నా లోటు ఇదీ అని చెప్పుకుంటే వాళ్ళే నవ్వుతారు. ఈ మనిషికి నాతో సంతోషంగా ఉందా, లేక కౌంటర్లో కూర్చున్నట్టే ఇంట్లోనూ కూర్చున్నాడా? నాకు తెలియదు. ఒకసారి నోరు తెరిచి అడిగాను కూడా. "బాగుండాది" అన్నాడు, సినిమాకు చెప్పినట్టే. ఆ మాట పట్టుకుని ఏమనుకోవాలి చెప్పండి?

ఈ మధ్య ఇద్దరం బండి మీద ఐరాలకు పోతున్నాం. రోడ్డు మీద ఉలవ కట్టె, అంటే కోసిన ఉలవ చెట్లు, పరిచి ఉంది. మా వైపు మామూలే, బండ్లు తొక్కితే గింజలు రాలతాయని రోడ్డు మీదే పరుస్తారు. చక్రం జారింది. నేను ఉలవ కట్టె మీద మెత్తగా పడ్డాను. మా ఆయన రాళ్ళ మీద పడ్డాడు. లేచి కూర్చుని, "పడినాం" అన్నాడు. కట్టె పరిచిన ఆసామి పరిగెత్తుకుంటూ వచ్చి, ముందు కట్టె సర్దుకుని, ఆ తర్వాత మా ఆయన్ని లేపాడు.

తిరుపతి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. రెండు పక్కటెముకలు చిట్లాయి, లోపల దెబ్బేమీ లేదు, అవే అతుక్కుంటాయి, నొప్పికి మాత్రలు వేసుకోండి అన్నారు. అవే అతుక్కుంటాయి అన్న మాట మా వాళ్ళెవరికీ రుచించలేదు. ఎముక చిట్లినాక పుత్తూరు పోకుండా ఎట్లా? చిత్తూరు నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, కారు మాట్లాడుకుని మరీ వచ్చేసింది.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన పక్కటెముకల మీద వేళ్ళతో మెల్లిగా తడిమి, ఏదో ఆకు పసరు పూసి, రొమ్ము చుట్టూ గుడ్డ బిగించి కట్టాడు. పథ్యం చెప్పాడు. వంకాయ వద్దన్నాడు. చివరికి, "దగ్గొద్దు, తుమ్మొద్దు, బరువెత్తొద్దు. ముఖ్యంగా నగొద్దు నాయనా. నగితే ఎముక కదిలి పానం పోయినట్టుంటాది" అన్నాడు.

"ఆ బయం లేదు సామీ" అంది మా వదిన. "వాడు పుట్టినప్పుడు ఏడ్చింది గూడా లేదు."

వరసలో కూర్చున్న కాలికట్లూ చేతికట్లూ అన్నీ గొల్లుమన్నాయి. పెద్దాయన మాట విన్నది మా ఆయన ఒక్కడే.

ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. వదిన నాలుగు రోజులు ఉంటానని ఉండిపోయింది. ఐరాల నుంచి మా తమ్ముడు వచ్చాడు, చేతిలో ఫోను, ఫోను నిండా కామెడీ. "నగొద్దన్నార్రా" అని నేను మొత్తుకుంటే, "బావ ముందర ఏది పెడితే ఏందక్కా, ఆయన నగితే గదా" అన్నాడు. నిచ్చెన మీంచి పడేవాడు, కుర్చీ విరిగి పడేవాడు, పెళ్ళికొడుకు గుర్రం మీంచి పడేది, అన్నీ చూపించాడు. మా ఆయన అన్నీ ఓపిగ్గా చూసి, "బాగుండాది" అన్నాడు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఇదీ ఒక కామెడీనా?" అంది వదిన మురుకు కొరుకుతూ. "మా కాలంలో ఒకే ఒక మాట అంటా ఉండ్రి, ఇంటికొచ్చినాక గుర్తొచ్చి నగతా ఉంటిమి. ఇప్పుడేముండాది, పడేదీ లేచేదీ."

"పడితేనే కామెడీ వదినా. మనిషనేవోడు పడాల" అన్నాడు తమ్ముడు.

"మీ బావ పడినాడు గదా. నగు మరి."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అసలు అరవ కామెడీ ముందు ఏదీ నిలవదని నేనన్నాను. అంతసేపూ కొట్టుకున్న ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. మధ్యలో మా ఆయన కాఫీ అడిగాడు.

కాఫీ తెచ్చేసరికి తమ్ముడు వదినకు మా చిన్నప్పటి సినిమా చెబుతున్నాడు. నా దొంగ వంటవాణ్ణి. అది కూడా తప్పుగా! "ఆ దొంగోడు సాంబార్లో ఉప్పు రెండుసార్లు ఏసేస్తాడు వదినా" అంటున్నాడు.

"కాదురా సచ్చినోడా!" అన్నాను. ఇక నా వల్ల కాలేదు. వంటింట్లోంచి గరిటె తెచ్చుకుని నిలబడ్డాను. వాడికి వంట రాదు కదా, వచ్చిన ప్రతివాణ్ణీ రుచి చూడమంటాడు. పులుపు చాలదంటే చింతపండు పిసుకుతాడు, పులుపెక్కువైందంటే నీళ్ళు పోస్తాడు, చప్పగా ఉందంటే కారం వేస్తాడు. సాంబారు పెరిగి పెరిగి గుండిగ నిండిపోతే ఇంకో గుండిగలోకి మారుస్తాడు, అది కూడా నిండుతుంది. ఇంతలో పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, ఎవరయ్యా నువ్వు, ఏ వూరు అని గట్టిగా అడుగుతాడు. పోలీసు స్టేషన్లో ఆ ప్రశ్నకు అలవాటు పడిన ప్రాణం. దొంగ గరిటెతో సహా రెండు చేతులూ పైకెత్తేస్తాడు. నేనూ ఎత్తాను.

"అబ్బా!" అని వినపడింది మంచం మీంచి.

చూస్తే మా ఆయన కుడిపక్క చేత్తో అదుముకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మొహం మాత్రం ఎప్పటి మొహమే. దగ్గు వచ్చిందా, కట్టు జారిందా అని ముగ్గురం మీదపడ్డాం. "ఏం లేదు" అన్నాడు. వదిన మాత్ర వేసి పడుకోబెట్టింది.

మర్నాడు తమ్ముడు ఊరికి పోయాడు. వదిన అమ్మవారి దర్శనానికని వెళ్ళింది. నేను ఆయనకు రాగిసంకటి పెడుతూ, ఎదురింటావిడ నీళ్ళ ట్యాంకరు వాడితో ఎలా పోట్లాడిందో ఆవిడ గొంతుతోనే చెప్పాను. ఆయన చెయ్యి పక్కటెముకల మీదికి పోయింది. నేను ఆగాను. చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

నాకు అనుమానం వచ్చింది. ఏమీ ఎరగనట్టు టీవీ పెట్టాను. మంచి కామెడీ వస్తోంది, నేనే నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన చెయ్యి కదల్లేదు. టీవీ కట్టేసి, అందులో అప్పుడే చూసిన దాన్నే నేను చెప్పాను. చెయ్యి లేచింది. కట్టేసి ఉన్న టీవీ ముందు, వదిన పుత్తూరులో "ఆ బయం లేదు సామీ" అన్న తీరు చేసి చూపించాను. ఆయన గోడవైపు తిరిగిపోయి, "అమ్మా... మే, నిలుపు, నిలుపు" అని నన్ను బతిమాలాడు.

నేను సంకటి గరిటె కింద పెట్టి మంచం పక్కన కూర్చున్నాను.

"నీకు నొప్పి ఎప్పుడొస్తాదయ్యా?"

"దగ్గితే."

"దగ్గలేదు గదా."

"తుమ్మితే."

"తుమ్మినావా?"

దుప్పటి సర్దుకున్నాడు. "నగితే" అన్నాడు.

"నువ్వు నగినావా?"

"ఆఁ."

"యాడ? మొగంలో ఏం కనపళ్ళేదే?"

"లోపల."

"ఇంతకు ముందు గూడానా?"

"నువ్వు సెప్పినప్పుడంతా" అన్నాడు, రూము ఖాళీ లేదని చెప్పే గొంతుతో. "సినిమాలో సూస్తే నాకు నగు రాదు మే. నువ్వు సెప్తే వస్తాది."

నాకు ముందు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, పక్కటెముకలు బాగుంటే ఇంకో రెండు నేనే విరగ్గొట్టేదాన్ని. ఎదురుగా నిలబడి గెంతులు వేసిందాన్ని నేను! మజ్జిగ పొయ్యమన్న మనిషి లోపల నవ్వుకుంటున్నాడట! ఆ ముక్క ఒక్కసారి నోటితో చెబితే ముత్యాలు రాలిపోతాయా?

"మరి సెప్పకూడదా అయ్యా?" అని అరిచాను. "ఇన్నేండ్లు నాకేం తెలస్తాది? నీకు నా మొగం సూస్తేనే విసుగేమో అనుకుంటి గదా!"

ఆయన నావైపు చూశాడు. "నువ్వే గదా సెప్పేది మానేస్తివి" అన్నాడు. "నాతో మాట్లాడేది నీకు విసుగైందేమోలే అనుకుంటి."

నాకు ఏడుపు ఆగలేదు. మామూలు ఏడుపు కాదు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన చెయ్యి చాపి నా తల మీద పెట్టబోయాడు, అంత చాచితే నొప్పెట్టి వెనక్కి తీసుకున్నాడు. నేనే జరిగి దగ్గరగా కూర్చున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, ఎముకలు అతికేదాకా ఇంక ఒక్క ముక్క చెప్పను, కట్టు విప్పినాక ఎంత కావాలంటే అంత చెబుతాను, అప్పటిదాకా నోరు మూసుకుంటాను అని తేల్చి చెప్పాను.

ఆయన పక్కనున్న దిండు తీసుకుని, కుడివైపు కట్టు మీద గట్టిగా అదుముకుని, గోడకు ఆనుకుని కుదురుగా కూర్చున్నాడు.

"నొప్పి నాది గదా మే" అన్నాడు. "నువ్వు సెప్పు."