వంకర లేని ముక్కు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు, నాకు ఇరవై రెండో ఏట, ఆళ్లగడ్డలో బడిపంతులుగా చేరాను. ఉద్యోగ కాగితాలకు ఫోటో కావాలంటే నంద్యాల వెళ్లాను. ఫోటో తీసే ఆయన నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "మొగం కొంచెం ఇట్ల తిప్పప్పా, ముక్కు నీడ పడతాంది" అన్నాడు. నీడ మాట నా చెవికెక్కలేదు. ముక్కు మాత్రం ఎక్కింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ముక్కు ఎడమకు వాలినట్టుంది. మర్నాటికి ఇంకాస్త వాలింది. హైస్కూలు లెక్కల పంతుల్ని అడిగి కోణమానిని తెచ్చి కొలిచాను. పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క వచ్చేది. తప్పు పరికరానిదేనని తేల్చి స్కేలు తెచ్చుకున్నాను.

బడిలో కుడి చెంప మాత్రమే కనిపించేలా నిలబడి పాఠం చెప్పేవాణ్ణి. మా పిల్లలు ఆ ఏడాది ఎక్కాలతో పాటు పంతులుకు ఒకే చెంప ఉంటుందని కూడా నేర్చుకున్నారు.

"అమ్మా, వంకరుందా?" అని రోజుకు పదిసార్లు అడిగేవాణ్ణి. "లేదు నాయనా" అనేది. ఆ మాట పొయ్యిలో కట్టె కాలేంతసేపు కూడా నిలిచేది కాదు. తల్లి కదా, అట్లాగే అంటుందనుకుని ఊళ్లోవాళ్లను అడిగాను. లేదన్న పాతికమందీ మొహమాటస్తులు. "ఏమో, రవ్వంత ఉందేమోప్పా" అన్న ఒక్కడే నా దృష్టిలో సత్యసంధుడు. పెద్దమ్మ ఆముదం రాసి ముక్కును రోజూ కుడివైపుకు తోయమంది. నెలరోజులు తోస్తే ఎర్రబడింది. జాతకాలు చూసే ఆయన ముక్కు వైపు చూడకుండానే శని అన్నాడు. చివరికి తువ్వాల మొహానికి చుట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ఎండకని అనుకున్నారు.

అంతలో చెల్లెలి పెండ్లి వచ్చింది. హోమం దగ్గర పెండ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్న. ఆ అన్న వడ్లకొట్టులో దాక్కున్నాడు. నాయన వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆడ హోమం ఆగిపోయింది. ఈడ ఏం చేస్తాండావ్‌రా?"

"అందరూ సూస్తారు నాయనా."

"వాళ్లు సూసేకి వచ్చింది పెండ్లికూతుర్ని. నీ ముక్కుతో ఎవురికేం పని?"

కళ్ల దాకా తువ్వాల చుట్టుకుని పోయి పేలాలు పోశాను. నాకు పంటినొప్పి అని పందిరంతా తీర్మానించింది. భోజనాల దగ్గర నలుగురు లవంగాలు తెచ్చిచ్చారు. చెల్లెలు మాత్రం తల ఎత్తలేదు. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా అత్తవారింటికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బావి గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ఇది నవ్వుతూ రాయగల మాట కాదు. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. రెండో రోజు నాయన నన్ను నంద్యాలలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు.

"కోసైనా సరిచెయ్యండి" అన్నాను.

ఆయన టార్చిలైటు వేసి అన్ని వైపులా చూశాడు. "ముక్కు బాగుండాది. రోజుకు ఎంతసేపు అద్దం సూస్తావప్పా?"

"నాలుగైదు గంటలు."

"దీని కోసరం ఏమేం మానుకున్నావు?"

హోటలు, బస్సు, స్నేహితులు, చెల్లెలు. చెప్పుకుంటూ పోతే జాబితా నాకే పొడుగనిపించింది.

"సచ్చిపోదామనిపించిందా?"

అవునన్నాను. నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ముక్కు కోస్తే రేపు చెవి వంకరంటావు. జబ్బుండేది నీ సూపులో. ఇది పొగరూ కాదు, నటనా కాదు. సాధన చేస్తే తగ్గుతాది" అన్నాడు డాక్టరు.

ఆయన చెప్పిన సాధన ఇదీ: అద్దం గడ్డం గీసుకునేటప్పుడే చూడాలి, అదీ చేతిదూరంలో. వంకరుందా అని ఎవరినీ అడగకూడదు. అడిగినా ఇంట్లోవాళ్లు జవాబివ్వకూడదు. తువ్వాల లేకుండా జనంలో కూర్చుని, భయం దానంతటదే తగ్గేదాకా లేవకూడదు. ఇప్పుడు దీనికి మందులు కూడా ఉన్నాయంటారు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఇంతే.

అందరికంటే కష్టపడింది అమ్మ. అడగబోతే చాలు, "నన్నడగొద్దు, డాక్టరు తిడతాడు" అని పెరట్లోకి పోయేది.

మొదటి సాధన నంద్యాల రైలు స్టేషన్లో. తువ్వాల తీసి బెంచీ మీద కూర్చున్నాను. ప్లాట్‌ఫారమంతా నా ముక్కు చుట్టే మూగుతుందనుకున్నాను. బండి రాగానే అందరూ సీట్ల కోసం పరిగెత్తారు. చివరికి ఒక ముసలాయన వచ్చి నా మొహంలోకి తేరిపార చూశాడు. ఊపిరి బిగబట్టాను.

"గుంటూరు బండి ఎప్పుడొస్తాదప్పా?" అన్నాడు.

నాకు కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

తగ్గడానికి ఏడాదికి పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది. కాస్త కుదుటపడ్డాక బండిఆత్మకూరు అనే ఊళ్లో చెల్లెలి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

"మా ఆయప్ప నీకు నచ్చలేదనుకొని ఇన్ని దినాలు ఏడిస్తినే అన్నా. ముక్కంట, ముక్కు!" అంది. ఏడ్చింది, నవ్వింది, జొన్నరొట్టె పెట్టింది.

ఈ జబ్బుకో పేరుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నా పెండ్లి నాటికి కూడా కొన్ని పొద్దులు అద్దం గట్టిగా పిలిచేది. అలాంటప్పుడు చొక్కా తొడుక్కుని వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి.