ఇద్దరికీ ఒక కంప్యూటర్

నా చిన్నప్పుడు, పక్కింటి అక్క మా రోలు దగ్గరికి రావడం ఒక సాయంత్రంతో ఆగిపోయింది. ఆ రోజు ఆమె ఆఫీసు నుంచి మా పిన్నితో కలిసి రాలేదు. ముందుగా ఒక్కతే వచ్చి, మా గుమ్మం దగ్గర పిన్ని కోసం నిలబడింది. పిన్ని రాగానే, "ఇద్దరికీ ఒకటి చాలన్నావుగా అక్కా. చాలిందిలే," అని వెళ్లిపోయింది. ఆమె ఉద్యోగం ఆ రోజే పోయింది.

మాది నరసరావుపేట. మాతోనే ఉండే పిన్ని, పక్కింటి అక్క ఒక పత్తి కంపెనీ ఆఫీసులో టైపిస్టులు. అక్కకు టైపు నేర్పి, ఆ ఉద్యోగం ఇప్పించింది పిన్నే. అక్క భర్త క్వారీలో కాలు విరిగి మంచాన పడ్డాడు. ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది.

ఎనభైల చివర్లో ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వస్తున్న రోజులవి. ఉత్తరాల పనికి మనిషికొకటి కొనాలా, ఇద్దరికీ కలిపి ఒకటి సరిపోతుందా అని మేనేజరు గారు పిన్నిని అడిగారు. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి మరీ అడిగారు. నువ్వెట్లా అంటే అట్లాగే కొందాం అన్నారట. ఆ మాట పిన్ని ఇంట్లో అందరికీ చెప్పుకుంది.

ఆమె నిజమే చెప్పింది. టైపు కొట్టాల్సిన రాతకాగితాలు వచ్చేదాకా సగం రోజు ఖాళీయేనని, ఒకరు కొడుతుంటే ఇంకొకరు సరిచూసుకోవచ్చని, ఒకటి చాలని చెప్పింది. మా సందులో మూడిళ్లకూ మా అరుగు మీది రోలు ఒక్కటే. ఒకరు రుబ్బుతుంటే ఇంకొకరు పప్పు కడిగేవారు. ఆఫీసునూ ఆమె అలాగే చూసింది. "ఏందే, వాళ్ల డబ్బు మీద నీకు చానా బెంగగా ఉందే," అని మా అమ్మమ్మ ఎగతాళి చేసింది.

కంప్యూటర్ వచ్చింది. దానికో చల్లగది, చెప్పులు బయటే విప్పాలి. కొన్నాళ్లు ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒక తప్పు పడితే కాగితమంతా మళ్లీ కొట్టే బాధ తప్పడంతో పని తొందరగా తెమిలేది. అప్పుడు మేనేజరు గారి కళ్లు పని లేని రెండో కుర్చీ మీద పడ్డాయి. అక్కను మానిపించారు. పిన్ని వెళ్లి బతిమాలింది. "సగం రోజు ఖాళీ అని నువ్వే చెప్పావు కదమ్మా," అన్నారాయన, ఎప్పటిలాగే మర్యాదగా.

ఆ వేసవిలో అక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. పిండి రుబ్బుకోవడానికి వీధి చివరి ఇంటికి పోయేది. పిన్ని పప్పు నానబోసుకుని, అక్క గిన్నెతో మా అరుగు దాటిపోయేదాకా రోలు ముట్టకుండా కూర్చునేది. అక్క తల తిప్పేది కాదు. తర్వాత వాళ్లు సత్తెనపల్లి వెళ్లిపోయారు.

నేనూ ఆఫీసుల్లోనే పనిచేశాను. నీ పనికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా కుర్చీ వేసి అడిగితే, ఎందుకడుగుతున్నారో తెలుసుకోకుండా జవాబు చెప్పింది లేదు. మేనేజరు గారు ఆ కాఫీ తెప్పించే ముందే అక్కను తీసేయాలనుకున్నారా, పిన్ని మాట విన్నాకే ఆ ఆలోచన వచ్చిందా అన్నది మాత్రం మా ఇంట్లో ఎవరికీ ఈనాటికీ తెలియదు.